నయమైన మనిషికి ఎనిమిది రోజుల తంతు ఎందుకు?

లేవీయకాండము 14వ అధ్యాయం చదివి మీరు అడిగిన ప్రశ్న ఇది: కుష్ఠుపొడ అనే చర్మరోగం పోయిందని యాజకుడే చూసి తేల్చాక ఆ మనిషిని నేరుగా ఇంటికి పంపవచ్చు కదా, రెండు పక్షులు, ఒంటినిండా క్షౌరం, ఏడు రోజుల ఎదురుచూపు, గొఱ్ఱెపిల్లలు, చెవికి రక్తం, ఇదంతా ఎందుకు? ఇది మూఢాచారం కాదా? పాత నిబంధన పాఠాలు చెప్పేటప్పుడు విద్యార్థులు తొందరగా దాటేయాలని చూసే అధ్యాయం ఇదే. నేను ఎక్కువసేపు నిలబడేదీ ఇక్కడే. కాబట్టి సమాధానం కొంచెం పెద్దదవుతుంది.

ఈ తంతులో వైద్యం లేదు. మూడో వచనం చూడండి. యాజకుడు పాళెం, అంటే ఇశ్రాయేలీయులు గుడారాలు వేసుకుని ఉన్న చోటు, వెలుపలికి వెళ్తాడు, రోగి అప్పటికే బాగుపడ్డాడని చూస్తాడు, ఆ తరువాతే పక్షులను తెమ్మంటాడు. 13, 14 అధ్యాయాలు రెండింటిలోనూ యాజకుడు ఎవరినీ నయం చేయడు. మందు వేయడు, మంత్రం చదవడు. కుష్ఠు బాగవ్వాలని వచ్చిన సిరియా సేనాధిపతి నయమాను ఎలీషా ప్రవక్త మీద కోపగించుకున్నది సరిగ్గా ఇక్కడే: ప్రవక్త బయటికి వచ్చి, తన దేవుని పేరు పిలిచి, రోగం ఉన్న చోట చేయి ఆడించి బాగుచేస్తాడని అతను అనుకున్నాడు. శరీరం బాగుపడటం ఒకటి, ఆ మనిషి తిరిగి తన వాళ్లలో ఒకడు కావడం మరొకటి అని లేవీయకాండము లెక్క. మొదటిది దేవుని చేతిలో ఉంది. రెండోది దానంతట అది జరగదు, ఎవరో వెళ్లి పిలుచుకు రావాలి. 14వ అధ్యాయం ఆ పిలుచుకు రావడం గురించే.

రోగం సంగతి త్వరగా ముగిస్తాను. తెలుగు బైబిల్లో కుష్ఠుపొడ అని చదవగానే మనకు 1873లో హాన్సెన్ కనిపెట్టిన సూక్ష్మజీవి వల్ల వచ్చే వ్యాధి గుర్తుకొస్తుంది. 13వ అధ్యాయంలోని లక్షణాలు దానికి సరిపోవు. ఇక్కడ చూసేవి తెల్లబడిన వెంట్రుకలు, చర్మం కంటే లోతుగా కనిపించే మచ్చ, బయటపడిన పచ్చి మాంసం. వారంలోనే మార్పు కనబడవచ్చునని ధర్మశాస్త్రం అనుకుంటుంది. స్పర్శ పోవడం, వేళ్లు వంకరపోవడం అనే మాటే లేదు. అదే పొడ ఉన్ని బట్టకు, తోలుకు, ఇంటి గోడకు కూడా పట్టవచ్చు. ఇవన్నీ ఒక ఎత్తయితే అదే అధ్యాయం 13వ వచనం మరో ఎత్తు: పొడ తల నుంచి కాలి వరకు ఒళ్లంతా వ్యాపించి మనిషి పూర్తిగా తెల్లబడితే అతను పవిత్రుడు! అంటువ్యాధి భయమే ఈ నియమాలకు మూలమైతే ఈ మాట ఎవరూ రాయరు. ఇంటి విషయంలోనూ అంతే. యాజకుడు గోడ చూడటానికి రాకముందే సామాన్లన్నీ బయట పెట్టేయమంటుంది 14:36, ఎందుకంటే అతను లోపలికి వచ్చి ప్రకటించాకే అందులోనివన్నీ అపవిత్రమవుతాయి. పేదవాడి కుండా చట్టీ పోకూడదని ఆ జాగ్రత్త. క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మవిధుల సంకలనం మిష్నాలో ఈ విషయానికే కేటాయించిన నెగాయీమ్ అనే భాగం ఇంకో అడుగు వేస్తుంది: పెళ్లికొడుకు ఒంటిపై మచ్చ కనబడితే పెళ్లి విందు జరిగే ఏడు రోజులూ పరీక్ష వాయిదా వేయాలి, పండుగ రోజుల్లోనూ అంతే. రోగం అంటుకుంటుందని భయపడేవాళ్లు పెళ్లిపందిరిలో వాయిదా ఇస్తారా?

మరి భయం దేని గురించి? మరణం గురించి. పవిత్రత, అపవిత్రతల వెనుక ఉన్నది జీవం, మరణం అనే వివరణను జేకబ్ మిల్‌గ్రోమ్ అనే పండితుడు బలంగా నిలబెట్టారు. ఈ అధ్యాయాల వరకు అది చాలా బాగా పొసుగుతుందని నా అభిప్రాయం. జీవానికి మూలమైన యెహోవా జనం మధ్యలో, గుడారంలో నివసిస్తున్నాడు. మరణపు జాడ ఆ గుడారం దాకా చేరకూడదు. శవాన్ని ముట్టినవాడు, స్రావం ఉన్నవాడు, పొడ పట్టినవాడు ఆ జాడను మోసుకొస్తారు. శవాన్ని ముట్టడం పాపం కాదు, తండ్రిని పాతిపెట్టడం కొడుకు విధి. అయినా అతను ఏడు రోజులు అపవిత్రుడే. అపవిత్రతను నేరంగా చదివితే లేవీయకాండము ఒక్క పేజీ కూడా అర్థం కాదు.

పొడ పట్టినవాడు బ్రతికుండగానే చనిపోయినవాడిలా కనిపిస్తాడు. మోషే అక్క మిర్యాము చర్మం మంచులా తెల్లబడినప్పుడు, తల్లి గర్భం నుంచి సగం మాంసం క్షీణించి బయటపడిన శవంలా ఆమెను ఉండనివ్వవద్దని అన్న అహరోను మోషేను వేడుకున్నాడు. అందుకే 13:45 రోగికి విధించినవి దుఃఖపడేవాళ్ల గుర్తులు: చింపిన బట్టలు, విరబోసిన జుట్టు, కప్పుకున్న పై పెదవి. చనిపోయినవాడూ, అతని కోసం ఏడ్చేవాడూ ఒక్కడే. "అపవిత్రుడను, అపవిత్రుడను" అని తానే అరవాలి, పాళెం వెలుపల ఒంటరిగా ఉండాలి. చుట్టుపక్కల దేశాల్లోనూ ఇలాంటి భయం ఉండేది. బాబిలోనియా సరిహద్దు రాళ్ల మీద చెక్కిన శాపాల్లో చంద్రదేవుడు సిన్ చర్మరోగాన్ని వస్త్రంలా కప్పాలని, ఆ మనిషి అడవిగాడిదలా ఊరి బయట తిరగాలని ఉంటుంది.

ఇప్పుడు ఒక కొలత గమనించండి. వెలివేతకు లేవీయకాండము రెండు వచనాలు ఇచ్చింది, తిరిగి రావడానికి ముప్పై రెండు. ఈ తేడా చూసిన తరువాత నాకు ఈ పుస్తకం మనసు ఎటువైపు ఉందో అనుమానం లేకపోయింది.

మొదటి రోజు. అపవిత్రుడు లోపలికి రాలేడు కాబట్టి యాజకుడే వెలుపలికి వెళ్తాడు. బ్రతికున్న రెండు పవిత్రమైన పక్షులు, దేవదారు కర్ర, ఎర్రని నూలు, హిస్సోపు అనే మొక్క తెప్పిస్తాడు. మట్టిపాత్రలో పారునీరు, అంటే ఊట నుంచో ఏటి నుంచో తెచ్చిన నీరు. దానిపైన ఒక పక్షిని చంపుతారు, రక్తం నీటిలో కలుస్తుంది. రెండో పక్షిని, కర్రను, నూలును, హిస్సోపును అందులో ముంచి, ఆ మనిషి మీద ఏడుసార్లు చిలకరించి, పవిత్రుడని ప్రకటించి, బ్రతికున్న పక్షిని పొలం మీదికి వదిలేస్తాడు. బలిపీఠం లేదు, ఏదీ కాల్చరు, ఎవరూ తినరు. అంటే ఇది బలి కాదు. చంపిన పక్షిని అతని కళ్లముందే గుంట తీసి పూడ్చేవారని మిష్నా చెబుతుంది. రెండు పక్షులూ రంగులో, ఎత్తులో, వెలలో సమానంగా ఉండాలి, ఒకేసారి కొనాలి అని కూడా అక్కడే ఉంది.

ఎగిరిపోయే పక్షి స్వేచ్ఛ పొందిన రోగికి గుర్తు అని ప్రసంగాల్లో తరచుగా వింటాం. వినడానికి బాగుంటుంది కానీ నేను ఒప్పుకోను. ఇదే అధ్యాయం చివర ఇంటికి పట్టిన పొడ పోయినప్పుడు కూడా ఇవే రెండు పక్షులు, ఇదే నీరు, ఇదే వదిలివేత. ఇల్లు ఏ చెర నుంచి విడుదలైనట్టు? పక్షి మోసుకుపోయేది అపవిత్రతను. అందుకే దాన్ని జనం లేని చోటికి, ఇంటి విషయంలోనైతే ఊరి వెలుపలికి వదలమన్నారు. 16వ అధ్యాయంలో రెండు మేకలదీ ఇదే పద్ధతి: ఒకటి చనిపోతుంది, ఇంకొకటి జనం దోషాలు మోసుకుని అరణ్యానికి పోతుంది. ఒక పెద్ద తేడా ఉంది. మేక తల మీద ప్రధాన యాజకుడు చేతులుంచి ఇశ్రాయేలీయుల పాపాలన్నీ ఒప్పుకుంటాడు. పక్షి దగ్గర ఎవరూ ఏ పాపమూ ఒప్పుకోరు.

దేవదారు, ఎర్ర నూలు, హిస్సోపు, ఈ మూడూ కలిసి సంఖ్యాకాండము 19లో మళ్లీ కనిపిస్తాయి. అక్కడ ఎర్రని ఆవును కాల్చే మంటలో వాటిని వేస్తారు, ఆ బూడిదను పారునీటిలో కలిపి, శవాన్ని ముట్టినవాడి మీద మూడో రోజు, ఏడో రోజు చల్లుతారు. శవం వల్ల కలిగిన అపవిత్రతకు, పొడ వల్ల కలిగిన అపవిత్రతకు ఒకే సామగ్రి. రోగిని చనిపోయినవాడిగా చూశారనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

తరువాత బట్టలు ఉతుక్కుని, వెంట్రుకలన్నీ గొరిగించుకుని, స్నానం చేసి అతను పాళెంలోకి వస్తాడు. ఇంటికి మాత్రం కాదు. ఏడు రోజులు తన గుడారం బయటే ఉండాలి. మిష్నా దీన్ని దాంపత్యానికి సంబంధించిన ఎడబాటుగా చదివింది. పొరుగువాళ్లు పలకరిస్తారు, పిల్లలు చూస్తారు, అయినా గుమ్మం దాటలేడు. మీ ప్రశ్నలో అసలు చిరాకు ఈ ఏడు రోజుల మీదేనని నాకు అనిపించింది. ఇది శిక్ష కాదు, అలవాటు పడే గడువు అని నేను చదువుతాను. నిన్నటిదాకా అతన్ని చూసి పక్కకు తొలగిన జనానికి అతన్ని రోజూ తమ మధ్య చూడటం అలవాటు కావాలి. ఇది నా ఊహ మాత్రమే, వచనంలో కారణం రాసిలేదు. వచనంలో ఉన్నది లెక్క: ఏడు రోజులు, ఆపైన ఎనిమిదో రోజు. పుట్టిన మగబిడ్డకు సున్నతి ఎనిమిదో రోజున. దూడ, గొఱ్ఱెపిల్ల ఏడు రోజులు తల్లి దగ్గర ఉండి, ఎనిమిదో రోజు నుంచే అర్పణకు పనికొస్తాయి. ఏడో రోజున అతను తల, గడ్డం, కనుబొమలతో సహా మళ్లీ గొరిగించుకుంటాడు. ఒంటిపై ఒక్క వెంట్రుక లేకుండా, నీటిలోంచి లేచి వచ్చిన అతను అప్పుడే పుట్టిన బిడ్డలా ఉంటాడు.

ఎనిమిదో రోజు నాకు ప్రాణప్రదమైన భాగం. రెండు మగ గొఱ్ఱెపిల్లలు, ఒక ఆడు గొఱ్ఱెపిల్ల, నూనె కలిపిన గోధుమపిండి, విడిగా కొంచెం నూనె తీసుకుని అతను ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరకు వస్తాడు. అపరాధపరిహారార్థ బలిగా వధించిన గొఱ్ఱెపిల్ల రక్తాన్ని యాజకుడు అతని కుడిచెవి కొన మీద, కుడిచేతి బొటనవేలి మీద, కుడికాలి బొటనవేలి మీద పూస్తాడు. యెహోవా సన్నిధిని ఏడుసార్లు నూనె చిలకరించి, అవే మూడు చోట్ల రక్తం మీద నూనె పూసి, మిగిలినది తల మీద పోస్తాడు.

ఈ మూడు చోట్ల రక్తం పూయడం మోషే ధర్మశాస్త్రమంతటిలో ఇంకొక్క సందర్భంలోనే ఉంది. అది అహరోనునూ అతని కుమారులనూ యాజకులుగా ప్రతిష్ఠించినప్పుడు. లేవీయకాండము 8 తెరిచి పక్కన పెట్టుకోండి. అదే చెవి, అదే బొటనవేలు, అదే కాలివేలు. వాళ్లు కూడా ఏడు రోజులు గుడారం ద్వారం దగ్గరే ఉండాలి, వాళ్లకూ ఎనిమిదో రోజున కొత్త జీవితం మొదలవుతుంది. వెలివాడలో నిన్నటిదాకా ఒంటరిగా అరిచినవాడికి, అతి పరిశుద్ధ స్థలంలో అడుగుపెట్టే అహరోనుకు ఒకే గుర్తు! తేడాలు లేకపోలేదు. యాజకులకు వాడేది ప్రత్యేకంగా చేసిన అభిషేక తైలం, ఇతనిది తాను తెచ్చుకున్న మామూలు నూనె. అతను యాజకుడైపోడు. అయినా ఇంతటి గుర్తును అట్టడుగున ఉన్నవాడి ఒంటి మీద పెట్టాలని ఎవరో ఆలోచించారు. అంచు దాటేవాడికి, ఎటువైపు దాటుతున్నా, ఒకే రకమైన రక్షణ కావాలని వాళ్లకు తోచినట్టుంది.

యెరూషలేములో రెండో దేవాలయం ఉన్న కాలంలో దీన్ని ఎలా చేసేవారో మిష్నా చెప్పే వివరం చూడండి. స్త్రీల ఆవరణ మూలల్లో ఉన్న నాలుగు గదుల్లో ఒకటి కుష్ఠరోగులది. అక్కడ మునిగి వచ్చి అతను లోపలి ఆవరణకు దారితీసే నికానోర్ ద్వారం దగ్గర నిలబడతాడు. ఇంకా లోపలి ఆవరణలోకి వెళ్లే అర్హత లేదు, రక్తం పూస్తేగాని అర్హత రాదు. అందుకని తల లోపలికి పెడతాడు, యాజకుడు చెవికి పూస్తాడు. చేయి పెడతాడు, వేలికి పూస్తాడు. కాలు పెడతాడు, కాలివేలికి పూస్తాడు. పాళెం బయట మొదలైన ప్రయాణం గడప దగ్గర ఇలా అంగాంగంగా పూర్తవుతుంది.

పాపం లేనప్పుడు అపరాధపరిహారార్థ బలి ఎందుకని మీరు అడగవచ్చు. నిజమే, ఇది పండితుల్లో తెగని వాదం. ఆ బలి సాధారణంగా దేవునికి చెందిన పరిశుద్ధ వస్తువుల పట్ల తెలియక చేసిన తప్పుకు అర్పిస్తారు. యూదా రాజు ఉజ్జియా తనది కాని ధూపం వేయబోయినప్పుడు నుదుట పొడ పుట్టిందని దినవృత్తాంతాలు చెబుతాయి. మిర్యాము, ఎలీషా సేవకుడు గేహజీ కథల్లోనూ రోగం శిక్షగానే వచ్చింది. కాబట్టి, ఏ పరిశుద్ధ విషయంలోనైనా తెలియక తప్పు జరిగిందేమోనన్న అనుమానానికి ఈ బలి అనే వివరణ నాకు సబబుగా తోస్తుంది. తరువాతి రబ్బీలు, అంటే యూదుల ధర్మబోధకులు, ఈ రోగానికి ముఖ్య కారణం కొండెములు చెప్పడమన్నారు. అయితే లేవీయకాండము 13, 14లో మాత్రం రోగిని ఏం తప్పు చేశావని ఎవరూ నిలదీయరు, ఏదీ ఒప్పుకోమనరు. కుష్ఠు అంటే పాపం అని మన తెలుగు చర్చిల్లో వేదిక మీద నుంచి తేలికగా అనేస్తుంటాం. ఆ మాట విన్నవాళ్లలో నిజంగా ఆ వ్యాధితో బాధపడి, మందులతో నయమై, ఇప్పటికీ విందుల్లో పక్కన కూర్చోబెట్టుకోని బంధువులున్నవాళ్లు ఉంటారు. ఈ అధ్యాయాన్ని వాళ్ల మీదికి అలా విసరడం అన్యాయం, పైగా తప్పుడు వ్యాఖ్యానం.

21వ వచనం నుంచి పేదవాడి కోసం వేరే దారి ఉంది. మూడు గొఱ్ఱెపిల్లల బదులు ఒకటి, పిండి మూడో వంతు, మిగిలిన రెండు బలులకు గువ్వలు గానీ పావురపు పిల్లలు గానీ. తగ్గించనిది అపరాధ బలి గొఱ్ఱెపిల్ల, నూనె. ఎందుకంటే చెవికీ చేతికీ కాలికీ పూసేవి అవే. బిడ్డను కన్న పేద తల్లికి గొఱ్ఱెపిల్ల బదులు పక్షులు చాలన్న 12వ అధ్యాయపు సడలింపు ఇలాంటిదే, లూకా సువార్తలో మరియ, యోసేపుల దగ్గర కనిపించేది ఆ పక్షులే. ధనికుడికీ పేదవాడికీ గుర్తు ఒకటే, ఖర్చే వేరు.

ఇక క్రూరత్వం గురించి. ఇది దాచకుండా చెప్పాలి: ఈ ద్వారం నయమైనవాడికే. నయం కానివాడు వెలుపలే ఉండిపోతాడు. ఉజ్జియా రాజై ఉండి కూడా చనిపోయేవరకు ప్రత్యేకమైన ఇంట్లో గడిపాడు. చనిపోయాక కూడా రాజుల సమాధుల్లో కాకుండా వాళ్లకు చెందిన పొలంలో పాతిపెట్టారు. 1931లో ఒలీవల కొండ మీది రష్యన్ మఠంలో పురావస్తు పరిశోధకుడు సుకెనిక్ ఒక రాతి పలకను గుర్తించారు. రెండో దేవాలయం కాలంనాటి ఆ పలక మీద అరామిక్‌లో, యూదా రాజు ఉజ్జియా ఎముకలను ఇక్కడికి తెచ్చారు, తెరవవద్దు అని ఉంది. ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను ముట్టడిలో పట్టణ ద్వారం దగ్గర కూర్చున్న నలుగురు రోగులు, లోపలికి వెళ్లినా చస్తాం, ఇక్కడున్నా చస్తాం అని లెక్కవేసుకున్న మాటలు 2 రాజులు 7లో చదవండి. వెలి అంటే ఏమిటో ఆ నలుగురికి తెలిసినట్టు ఏ వ్యాఖ్యాతకూ తెలియదు.

అయినా జనం మీద కూడా బాధ్యత ఉందనడానికి రెండు చోట్లు చూపిస్తాను. మిర్యాము ఏడు రోజులు పాళెం వెలుపల ఉన్నప్పుడు, ఆమె తిరిగి చేరేదాకా జనం ప్రయాణం సాగించలేదని సంఖ్యాకాండము 12:15 అంటుంది. ఒక్క మనిషి కోసం పాళెమంతా ఆగింది. రెండోది మిష్నాలో ఉంది: రోగి సమాజమందిరానికి వస్తే అతని కోసం పది బెత్తెల ఎత్తు, నాలుగు మూరల వెడల్పు తెర కట్టాలి, అతను అందరికంటే ముందు వచ్చి అందరి తరువాత వెళ్లాలి. వెలుపల ఉన్నవాడికి కూడా ప్రార్థనలో చోటు పోకూడదని ఎవరో కూర్చుని కొలతలు వేశారు.

యేసు మార్కు 1లో రోగిని ముట్టి బాగుచేశాక, వెళ్లి యాజకునికి కనబడి మోషే నియమించినవి అర్పించమన్నది కూడా ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. ఒళ్లు బాగుపడినంత మాత్రాన ఊరు అతన్ని రానివ్వదు. ప్రకటించాల్సింది యాజకుడు. క్రీస్తు శకం 70లో రోమా సైన్యం దేవాలయాన్ని కూల్చాక ఎనిమిదో రోజు బలులకు చోటే లేకపోయింది. నెగాయీమ్ పద్నాలుగు అధ్యాయాలను మాత్రం యూదులు ఈనాటికీ చదువుతూనే ఉన్నారు.

మీరు మళ్లీ చదవాలనుకుంటే 13తో మొదలుపెట్టకండి, మచ్చల వర్ణనలో అలసిపోతారు. ముందు సంఖ్యాకాండము 12, తరువాత లేవీయకాండము 8, ఆ తరువాత 14 చదవండి. 13ను చివరికి ఉంచుకోండి. ఎనిమిదో రోజు బలుల క్రమంలో సందేహం వస్తే వచనం సంఖ్యతో అడగండి, దాని గురించి విడిగా రాస్తాను.